సున్నంతో గీసిన కోళ్లగంప

ఆ రోజు పొద్దున అవ్వ వాకిట్లో వేసిన ముగ్గు మీది నుంచి పాలాయన సైకిల్ పోయింది. చుక్కలన్నీ ఉన్నచోటే ఉన్నాయి గానీ, ఒక మూల గీత చెదిరి టైరు వెంబడి తెల్లటి చారగా గేటు దాకా సాగింది. సరిచేద్దామా వద్దా అని దాని పక్కన నిలబడి ఉండగా ఫోన్ మోగింది. బళ్లో నాతో చదివిన అమ్మాయి.

"డ్రిల్ సార్ పోయిండే," అంది.

తెల్లవారి నమాజు చేసుకుని, వరండాలో కుర్చీ వేసుకుని, చాయ్ తాగారట. కప్పు తీయడానికి ఆయన భార్య వచ్చేసరికి ఆయన లేరు. కప్పు ఖాళీగా ఉందని, కింద కూడా పడలేదని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. "ఉన్నవానే? ఇనవడ్తలేదు," అని ఆమె అడగడం గుర్తుంది. జీవితంలో నాకు చాలామంది చెప్పిన మాట అది. అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది సార్.

ఆయన మాకు సైన్సు చెప్పలేదు, లెక్కలు చెప్పలేదు. శ్రీరాంపూర్‌లో మా కాన్వెంటు బడికి డ్రిల్ మాస్టరు. ఊళ్లో సగం ఇళ్లలో బాపులు బొగ్గుబాయి షిఫ్టులకు పోయేవాళ్లు, పిల్లలు సార్ విజిల్‌కు పోయేవాళ్లు. రెండూ ఆలస్యం కాకూడనివే. సిస్టర్ల మధ్య ఆయన ఒక్కరే మగమనిషి. తెల్ల కాన్వాసు బూట్లు, వాటికి రోజూ సుద్దముక్క రుద్దేవారు. మెడలో విజిలు. నడిచేటప్పుడు కూడా ఎవరో లెక్కపెడుతున్నట్టు నడిచేవారు.

గ్రౌండులో గీతలు గీయడం మాత్రం ఇంకెవరికీ అప్పగించేవారు కాదు. డాల్డా డబ్బా అడుగున మేకుతో బెజ్జాలు పొడిచి, అందులో సున్నం పోసి, వంగి నడుస్తూ రాల్చేవారు. ముందు తాడు పట్టాలి, తర్వాతే సున్నం. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా కంటి అంచనాకు ఒక్క గీత కూడా వేయలేదు. "కన్ను అబద్ధం ఆడుతది బిడ్డా. తాడు ఆడది," అనేవారు.

ఆ తాడు రెండో కొస పట్టుకునే పని నాది. అది నాకెలా వచ్చిందో చెప్పాలి. నేను ఆటల పీరియడ్‌లో లైబ్రరీ మెట్ల వెనక కూర్చుని చదువుకునేదాన్ని. ఖోఖోలో ఎవరైనా "ఖో" అని అరవాలి కదా, నేను అరవలేను. వీపు మీద తట్టి ఊరుకుంటే అది ఫౌల్. ఒకరోజు సార్ మెట్ల వెనక్కి వచ్చి, నన్నేమీ అనకుండా, తాడు కొస నా చేతిలో పెట్టారు. ఎంత సంతోషమైందో. గంటసేపు ఎండలో నిలబడాలి, కానీ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

అలా అనుకున్నాను. గ్రౌండు అవతలి కొస నుంచి సార్ అడిగారు.

"గుంజినవా?"

తల ఊపాను.

"ఇనవడ్తలేదు."

మళ్లీ ఊపాను.

"తల ఊపితె ఇనవడ్తదా బిడ్డా? నాకు చెవులు జర తక్కువ. గట్టిగ చెప్పు."

"గుంజిన సార్," అన్నాను.

"ఎవలో ఏదో అన్నట్టున్నరు. గాలి గిట్ల కొట్టిందా?"

మూడోసారికి నా గొంతు ఆయనదాకా చేరింది. విజిల్ ఊదీ ఊదీ సార్ చెవులు దెబ్బతిన్నాయని బళ్లో అందరం అనుకునేవాళ్లం. జాలిపడేవాళ్లం కూడా. కుడి చెవి కొంచెం నా వైపు తిప్పి, కనుబొమలు ముడిచి, నోరు కొద్దిగా తెరిచి వినేవారు. ఆ ముఖం పెడితే చెప్పక తప్పేది కాదు.

బడి అయిపోయింది. ఇంటర్ కరీంనగర్‌లో, ఆ పైన హైదరాబాదులో. ఫిజిక్స్‌లోనే ఉండిపోయాను, ఎందుకంటే అక్కడ చాలాసేపు మిషన్లతో గడపవచ్చు. పీహెచ్‌డీలో నాకు దొరికిన వస్తువు ఒక నల్లటి స్ఫటికం, చింతగింజంత ఉంటుంది. దాని లోపల ఒక్కో పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. వాటిని బాగా చల్లబరిచి, ఒకదాన్ని కదిపితే ఆ కదలిక మిగతావాటిలోంచి ఎలా పాకుతుందో, దానికి ఎంత శక్తి ఖర్చవుతుందో కొలవడం నా పని. కొలతలన్నీ అయ్యాయి. శ్రీరాంపూర్‌లో ఇంట్లో కూర్చుని రాయడం కూడా దాదాపు అయింది. మిగిలింది ఒక్కటే. థీసిస్ ఇచ్చే ముందు డిపార్ట్‌మెంటు అందరి ఎదుట నిలబడి గంటసేపు చెప్పాలి. అది చెప్పనిదే థీసిస్ తీసుకోరు.

అలవాటవుతుందని మా గైడ్ నన్ను ముందుగా కరీంనగర్‌లో ఒక కాలేజీకి పంపారు, డిగ్రీ పిల్లలకు ఒక చిన్న ఉపన్యాసం. మొదటి స్లైడ్ మీద నా పేరు ఉంది కాబట్టి చదివేశాను. రెండో స్లైడ్ దగ్గర ఆగిపోయాను. ఏం చెప్పాలో తెలుసు. పిల్లలు మంచివాళ్లు, ఎవరూ నవ్వలేదు కూడా. గోడ మీద ఫ్యాన్ తిరుగుతోంది. నేను ఫ్యాను వైపు చూశాను, పిల్లలు నా వైపు చూశారు. కాసేపటికి అక్కడి లెక్చరర్ గారు లేచి నాకు మంచినీళ్లు ఇచ్చి, అందరితో చప్పట్లు కొట్టించి, కార్యక్రమం ముగించారు.

చివరి వరుసలో తెల్ల బూట్లు కనిపించాయి. ఏదో పెళ్లికని కరీంనగర్ వచ్చి, నా సంగతి బాపు చెబితే విని, సార్ నేరుగా అక్కడికి వచ్చేశారు. బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. ఓదారుస్తారేమోనని భయపడ్డాను. ఆయన రెండు చాయ్‌లు చెప్పి, సమోసా తెంపి సగం నా సాసర్లో పెట్టి, "నాకైతె ఏం అర్థం కాలే," అన్నారు.

"నేనేం చెప్పలేదు సార్."

"గదే అంటున్న. చెప్పకపోతె ఎట్ల అర్థమైతది? ఐతారం ఇంటికి రా. నాకు చెప్పు. నాకు అర్థమైన్నాడు నీ డిపార్ట్‌మెంటుల చెప్పు. గంతే, ఫికర్ లేదు."

"మీరు ఫిజిక్స్ చదవలేదు కదా సార్."

"ఏమన్నవ్? బస్సుల మోతకు ఇనవడ్తలేదు."

బస్టాండులో నిలబడి ఆ మాట మళ్లీ గట్టిగా అనాల్సి వచ్చింది. పల్లీలమ్మే ఆమె తలెత్తి చూసింది. "గిది ఇనవడ్డది," అన్నారు సార్. "చదువలే. అందుకే నాకు అర్థమైతె అందరికి అర్థమైనట్టే."

అలా మా ఆదివారాలు మొదలయ్యాయి. సార్ భార్యను బళ్లో పిల్లలందరం ఖాలా అనేవాళ్లం. ఆమె చాయ్ పెట్టేది, సార్ వరండాలో బల్ల వేసేవారు. కాన్వెంటులో ఇంగ్లీషులో నేర్చుకున్న ఫిజిక్స్‌ను నేను తెలుగులో చెప్పడానికి తంటాలు పడేదాన్ని. సార్ తండ్రి కాగజ్‌నగర్ మిల్లులో పనిచేసినవాడు. అందుకని ఇంట్లో కాగితం మీద చాలా గౌరవం. నేను ఖాళీ కాగితం తీస్తే, "రెండో దిక్కు రాసినవా?" అని అడిగేవారు. అందువల్ల మొదటి ఆదివారం కాగితం లేకుండా, మూడు చాయ్ కప్పులతో మొదలుపెట్టాను.

"ఈ కప్పు చెవి అయస్కాంతం మొన అనుకోండి సార్. నా స్ఫటికంలో ఒక్కో అయస్కాంతానికి పక్కదానికి ఎదురు తిరిగి ఉండడం ఇష్టం."

"తోటికోడండ్ల లెక్క."

"అవును సార్. రెండుంటే ఇబ్బంది లేదు. ఒకటి ఇటు, ఒకటి అటు. మూడు కప్పుల్ని త్రిభుజంగా పెడితే?"

సార్ మూడో కప్పును ఇటు తిప్పారు, అటు తిప్పారు. ఎటు తిప్పినా ఎవరో ఒకరితో ఒకే ముఖం అవుతోంది. చాయ్ కొంచెం ఒలికింది.

"గీ మూడోది ఎటు పోతది మరి?"

"అదే సార్ అసలు ప్రశ్న. దాన్ని ఫ్రస్ట్రేషన్ అంటారు."

"పరేషాన్ అను. మూడోది పరేషానైంది." ఆయన చాలాసేపు ఆ కప్పు వైపే చూశారు. "పాపం, దాని తప్పేం లేదు. త్రిభుజందే తప్పు."

నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే సూటిగా చెప్పింది చూడలేదు. ఆ మూడూ చివరికి ఒక రాజీకి వస్తాయని, ఒకదానికొకటి పూర్తిగా ఎదురు కాకుండా మూడూ మూడు దిక్కులు పంచుకుంటాయని చెప్పాను. సార్ సంతోషించారు గానీ ఒప్పుకోలేదు. "సగం అర్థమైంది. సగం అర్థమైతె కాలేనట్టే లెక్క."

ఇంకో ఆదివారం నా స్ఫటికం బొమ్మ తీసుకెళ్లాను. త్రిభుజాలు మూలలు మూలలు అంటుకుని ఉంటాయి, మధ్యలో ఆరు మూలల ఖాళీలు. సార్ దాన్ని దూరం పెట్టి చూశారు, దగ్గర పెట్టి చూశారు, లేచి పెరట్లోకి వెళ్లారు. కోళ్ల కేకలు వినబడ్డాయి. కోళ్లగంప పట్టుకుని వచ్చి నా బొమ్మ పక్కన పెట్టారు. అదే అల్లిక. వెదురుబద్దలు మూడు దిక్కుల నుంచి వచ్చి ఒకదాన్నొకటి దాటిన చోట త్రిభుజాలు, మధ్యలో ఆరు మూలల కన్ను.

"ఇన్నేండ్లు పీహెచ్‌డీ ఇంట్ల పెట్టుకొని దాని కింద కోళ్లను మూసిన," అన్నారు.

లోపలి నుంచి ఖాలా, "గంప తెచ్చినవ్, మరి కోళ్లెక్కడ?" అని అడిగింది. కోళ్లు అప్పటికే పక్కింటి గోడ దాటాయి. ఆ రోజు ఫిజిక్స్ అక్కడితో ఆగింది. ముగ్గురం చీకటి పడేదాకా కోళ్లను పట్టాం. ఊళ్లో మాత్రం నేను కోళ్లగంప మీద పీహెచ్‌డీ చేస్తున్నానని పాకిపోయింది. బాపును షిఫ్టులో వాళ్లు, "అయితె మీ బిడ్డకు కొలువు గంపల దుకాణంల్నా?" అని అడిగేవాళ్లట. బాపు కూడా తగ్గేవాడు కాదు. "మీ ఇంట్ల గంపకు ఎన్ని కన్నులున్నయో చెప్పుండ్రి ముందుగాల," అనేవాడు.

సార్‌కు ఎక్కడ అర్థం కాలేదో అక్కడే నాకు కూడా చెప్పడం కష్టంగా ఉండేది. కన్ను చుట్టూ ఉన్న ఆరు అయస్కాంతాలూ కలిసి ఒకేసారి కదిలితే, బయటివాటికి ఏమీ తెలియదు. ఆ కదలికకు ఖర్చే ఉండదు. ఇది లెక్కలో వస్తుంది. కప్పులతో ఎంత తిప్పినా సార్ తల అడ్డంగానే ఊగేది.

"ఆరుగురు కదిలినంక పక్కోళ్లకు తెల్వకపోవుడేంది? మా ఇంట్ల నేను కుర్చీ జరిపితె పక్కింటోళ్లు గోడ మీదికెల్లి తొంగి జూస్తరు."

ఆ తర్వాత ఆయన నాకు చెప్పకుండా సిస్టర్‌ను అడిగి, ఒక సెలవురోజు గ్రౌండు తీసుకున్నారు. నేను వెళ్లేసరికి డాల్డా డబ్బా, సున్నం, తాడు సిద్ధంగా ఉన్నాయి. హాస్టల్ పిల్లలు చెట్టు కింద గుంపుగా నిలబడి ఉన్నారు. సార్ తాడు కొస నా చేతికిచ్చి అవతలికి నడిచారు.

"గుంజినవా?"

"గుంజిన సార్."

ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ అదే మాట.

ముందు ఒక పెద్ద కన్ను గీశాం, దాని చుట్టూ ఆరు త్రిభుజాలు. సార్‌కు అది చాలలేదు. గంప అంటే గంపలా ఉండాలని గీతలు పొడిగించుకుంటూ లాంగ్ జంప్ గుంత దాకా వెళ్లారు. నిలబెట్టడానికి పిల్లలు మాత్రం మధ్య భాగానికే సరిపోయారు. కన్ను చుట్టూ ఆరుగురు, బయటి మూలల్లో ఆరుగురు.

తర్వాత సార్ విజిల్ ఊది, నా వైపు చూసి ఊరుకున్నారు. నేనే ఆదేశాలివ్వాలట. పిల్లలు ఎండలో నిలబడ్డారు కాబట్టి మొదలుపెట్టాను. మూడు దిక్కులు: గేటు, నీళ్ల ట్యాంకు, గంట స్తంభం. ప్రతి త్రిభుజంలోనూ ఒకరు గేటు వైపు, ఒకరు ట్యాంకు వైపు, ఒకరు గంట వైపు చూడాలి. మీ త్రిభుజంలో ఇద్దరి ముఖాలు ఒకే దిక్కున ఉంటే చెయ్యెత్తాలి. ఎత్తిన చేతులే ఖర్చు.

బయటి ఆరుగురినీ గంట వైపు తిప్పాను. కన్ను చుట్టూ ఉన్న ఆరుగురిలో ఒకరిని గేటుకు, పక్కవారిని ట్యాంకుకు, మళ్లీ ఒకరిని గేటుకు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అందరికీ అందరూ సరిపోయారు.

"నువ్వొక్కదానివే ట్యాంకు వైపు తిరుగు," అన్నాను కన్ను దగ్గరి ఒక చిన్న పిల్లతో. తిరిగింది. వెంటనే అటూ ఇటూ చేతులు లేచాయి.

"అక్కా, గీమె నా లెక్కనే జూస్తుంది," అని పక్కపిల్ల ఫిర్యాదు చేసింది.

"జూడనీ, గంత సేపేం కాదు," అంది తిరిగిన పిల్ల.

మళ్లీ సరిచేసి, ఈసారి ఆరుగురినీ ఒకేసారి తిరగమన్నాను. గేటు చూసేవాళ్లు ట్యాంకుకు, ట్యాంకు చూసేవాళ్లు గేటుకు. తిరిగారు. ఒక్క చెయ్యి లేవలేదు. బయట గంట వైపు చూస్తున్న వాళ్లలో ఒకామె, "అయిపోయిందా? ఎప్పుడు తిరుగుతరు?" అని అడిగింది. వెనక ఏం జరిగిందో ఆమెకు తెలియనే లేదు.

సార్ అప్పుడు లాంగ్ జంప్ గుంత దగ్గర ఉన్నారు. డబ్బా కింద పెట్టి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, అక్కడి నుంచే తీర్పు చెప్పారు.

"సగం అర్థమైంది బిడ్డా. ఆరుగురు కలిసి తిరిగితె ఖర్చు లేదు. ఖర్చే లేకపోతె నువ్వు కొలిచేటందుకు ఏముంది? నీ మిషనుకు ఏం దొరుకది. మూడేండ్లు ఉత్తగనే పోయినయి."

"కాదు సార్," అన్నాను.

పిల్లలందరూ నా వైపు తిరిగారు. ఒక పావురం గంట స్తంభం మీది నుంచి లేచింది. అది నా గొంతేనని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. కానీ అప్పటికి ఆపడం కుదరలేదు. ఎందుకంటే సార్ చెప్పింది తప్పు, ఆ తప్పు ఎక్కడుందో నాకు తెలుసు, మా ఇద్దరి మధ్య మొత్తం గ్రౌండు ఉంది.

"మామూలు స్ఫటికంలో అయితే మీరన్నది నిజం సార్. నాదాంట్లో అయస్కాంతం ఒక్కటే లేదు, విద్యుత్తు కూడా ఉంది. రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. ఆగండి, తాడేది?"

తాడు తీసుకుని కన్ను చుట్టూ ఉన్న ఆరుగురి చేతుల్లోంచి పోనిచ్చి, మిగిలిన కొసను లాక్కుంటూ వెళ్లి సార్ చేతిలో పెట్టాను. మళ్లీ నా చోటికి పరుగెత్తాను. బళ్లో ఉన్నన్నాళ్లూ ఆ గ్రౌండులో నేను పరుగెత్తిందే లేదు.

"ఇప్పుడు తిరగండి," అన్నాను.

ఆరుగురూ తిరిగారు. బయటి పిల్లలకు ఇప్పుడు కూడా ఏమీ తెలియలేదు. కానీ సార్ చెయ్యి ముందుకు జరిగింది.

"ఇగో, గుంజింది," అన్నారు ఆయన.

"ఆ గుంజుడే సార్ నేను కొలిచింది. చాలా తక్కువ. కానీ సున్న కాదు."

సార్ తాడు వైపు చూశారు. తర్వాత నేను చెప్పబోయేది చెప్పకముందే, ఆయనే తాడును తన వైపు మెల్లగా లాగారు. చేతుల్లో తాడు బిగిసి కన్ను చుట్టూ పిల్లలు నవ్వుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ, వెనక్కి తిరిగారు.

"ఇటుకెల్లి గుంజితె అటు తిరుగుతరు."

"అవును సార్. కరెంటుతో అయస్కాంతాన్ని తిప్పవచ్చు. దీని మీద అందరికీ ఆసక్తి అందుకే."

ఆయన ఇంకోసారి లాగారు, మళ్లీ వదిలారు. ఎంతసేపు ఆడారో. పిల్లలు ఆకలి అనేదాకా ఆడారు. ఆ తర్వాత గీతలు తొక్కకుండా, ఒక్కో త్రిభుజం దాటుకుంటూ నా దగ్గరికి వచ్చి, "అర్థమైంది," అన్నారు. ఇన్ని ఆదివారాల్లో సగం అనకుండా ఆ మాట అనడం అదే మొదటిసారి.

"ముందుగాల తప్పు చెప్పిన కద?"

"అవును సార్."

"మంచిదైంది. నేను తప్పు చెప్పకపోతె నువ్వు ఒర్లకపోతుంటివి." సున్నం చేతులు దులుపుకున్నారు. "అక్కడ గూడ గిట్లనే చెప్పు. ముందట ఉన్నోనికి ఎట్లైన ఇనవడ్తది. చివరి లైన్ల ఉన్నోన్ని చూసి చెప్పు. నేను వచ్చి ఆడనే కూసుంట."

నా సెమినార్ రోజుకని హైదరాబాదుకు రైలు టిక్కెట్ కూడా తీసుకున్నారు. ఆ రైలెక్కే రోజు రాకముందే, ముగ్గు చెదిరిన ఆ పొద్దున వచ్చింది.

సార్‌ను కాగజ్‌నగర్ తీసుకెళ్లి వాళ్ల అమ్మానాన్నల పక్కన పెట్టారు. మేము ఆడవాళ్లం ఇంట్లో ఖాలా దగ్గర కూర్చున్నాం. ఏళ్లేళ్ల తేడాలున్న పాత విద్యార్థినులు వచ్చారు. ఒకరు సార్ నడక చేసి చూపించారు. ఇంకొకరు ఎండలో నిలబెట్టిన సంగతి చెప్పారు. ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంకా చెప్పుండ్రి," అంది.

సెమినార్ రోజు హాలు చల్లగా ఉంది. మొదటి స్లైడ్ మీద నా పేరు. రెండో స్లైడ్ దగ్గర ఆగాను. చివరి వరుసలో నాలుగు కుర్చీలు ఖాళీ. ఏ కుర్చీ అని ఎంచుకోలేదు, ఆ వరుస మొత్తానికీ చెప్పాను. మూడో స్లైడ్ మీద కోళ్లగంప ఫోటో పెట్టాను, ఖాలా పెరట్లోదే, కింద కోడి తోక కొంచెం కనబడుతుంది. అందరూ నవ్వారు. తర్వాత ఇబ్బంది లేకపోయింది. చివర్లో ముందు వరుసలోని ఒక పెద్ద ప్రొఫెసర్ గారు, ఖర్చు లేని కదలికను ఎలా కొలుస్తారు, మీ గ్రాఫు గీతలో కనబడేది మిషన్ లోపమే అయి ఉండవచ్చు కదా అన్నారు.

"కాదు సార్," అన్నాను.

గ్రౌండు అవతలి కొసకు వినబడేట్టు అన్నాను. ఆయన కొంచెం వెనక్కి జరిగారు. మా గైడ్ తన నవ్వును కాగితాల్లో దాచుకున్నారు. తాడు సంగతి చెప్పాను, తాడు లేకుండా లెక్కతోనూ చెప్పాను. ప్రొఫెసర్ గారు తల ఊపి, రాసుకుని, సరే అన్నారు. థీసిస్ ఇవ్వవచ్చన్నారు.

ఆ వారమే శ్రీరాంపూర్ వెళ్లాను. ముందు బడి మీదుగా నడిచాను. ఒక వాన పడినా సున్నం పూర్తిగా పోలేదు. లాంగ్ జంప్ గుంత వైపు గీతలు కరిగిపోయాయి, మధ్యలో పెద్ద కన్ను మాత్రం మిగిలింది. చిన్న క్లాసుల పిల్లలు దాంట్లో తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. ఆరు మూలల గడికి వాళ్లే ఏవో కొత్త నియమాలు పెట్టుకున్నారు. గీత తొక్కిందని ఒకమ్మాయి, తొక్కలేదని ఇంకో అమ్మాయి గొడవ పడుతున్నారు. కాసేపు చూశాను. తొక్కింది.

ఖాలా వంటింట్లో ఉంది. గుమ్మం పక్కన మేకుకు విజిలు, దాని పక్కనే చుట్టచుట్టిన తాడు, ఇంకా సున్నం మరకలతోనే. చాపేసి కూర్చోబెట్టింది. నేను సెమినార్ సంగతంతా మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ప్రొఫెసర్ గారి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఎందుకు బిడ్డా గట్ల ఒర్లుతున్నవ్? పక్కన్నే ఉన్న గదా."

"అలవాటైంది ఖాలా. ఈ ఇంట్లో సార్‌కు వినబడాలంటే అలాగే చెప్పాలి కదా."

"ఎవలకు?"

"సార్‌కు. చెవులు తక్కువ కదా."

ఖాలా నా ముఖం వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

"ఆయనకా? గేటు బయట కూసుండి, పొయ్యి మీద పాలు పొంగెటందుకు తయారైతుంటె నాకు చెప్పెటోడు. వంటింట్ల ఉన్న నాకు ఇనవడకపోయేది, ఆయనకు ఇనవడేది. ఒక్క దినం పాలు పొంగనియ్యలే."

అప్పుడు కూడా పొయ్యి మీద పాలున్నాయి. చెప్పే మనిషి లేడు కాబట్టి, ఇద్దరం మాటలాపి, వింటూ కూర్చున్నాం.